మొండి మేడ శిథిలం కాదు

తేదీ: 17-5-2025, శనివారం.
అయిన పనులు: కొళాయి నీళ్లు పట్టడం, వంట, మా ఆయన మాత్రలు, జీడిపిక్కలు ఎండలో పోయడం. మిగిలినది: ఈ అర్జీ.

కట్టడాల ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: దొరగారి తోటలోని మొండి మేడను శిథిల కట్టడముగా భావించి, కూల్చివేయుటకు ఇచ్చిన నోటీసు రద్దు చేయుట గురించి.

పూండి దగ్గర తోటూరు వాస్తవ్యురాలు బి. దుర్గాదేవి, గృహిణి, వ్రాసుకొను మనవి.

1. సదరు మేడ శిథిలం కాదు. పాతకాలపు జమీందారు గారు ఇంగ్లండు సీమ తోటల బొమ్మలు చూసి, వంకర చెరువు తవ్వించి, ఆ మన్నుతో దిబ్బ పోయించి, దాని మీద సగం విరిగినట్టు కనబడే మండపం కట్టించారు. అలా ఉంటేనే అందమని వారి ఉద్దేశమట. విరిగిన కమాను అంచుకు కూడా సున్నం నున్నగా పూసి ఉన్నది. మొండి స్తంభం నెత్తిన కూడా పూత ఉన్నది. పడిన ఇటుక తోటలో ఒక్కటీ లేదు.

2. తనిఖీకి వచ్చిన తమ ఉద్యోగికి ఈ సంగతి చెప్పాను. "పడిపోయినట్టు ఎవరైనా కడతారేటమ్మా?" అన్నారు. ఆ మేడ లోపలే పడుకుని ఉన్న మా ఆయన దాలయ్య, "అలగైతే నాకూ ఓ నోటీసు అంటించీండి బాబూ, నానూ ఒరిగిపోయే ఉన్నాను" అన్నారు. ఆ బాబు నవ్వి, స్తంభానికే అంటించి వెళ్లారు.

3. మా ఆయనకు కిడ్నీలు పని చేయవు. పలాసలో డయాలసిస్ చేయిస్తున్నాము. డాక్టరు గారు చెప్పినన్ని నీళ్లే కొలిచి ఇస్తాను. మా రేకుల ఇంట్లో ఆ నీళ్లు మధ్యాహ్నానికే అయిపోతాయి. తరువాత ఆయన అడుగుతారు. నేను ఇవ్వను. మొండి మేడకు కప్పు సగమే అయినా, సముద్రపు గాలి తగులుతుంది. అక్కడ పడుకుంటే అడగరు.

4. ఇంతకంటే కారణం నా దగ్గర లేదు.

కావున వేసవి పోయేవరకైనా ఆ మేడ జోలికి రాకుండా ఆజ్ఞ ఇప్పించగలందులకు ప్రార్థించుచున్నాను.

తమ విధేయురాలు,
బి. దుర్గాదేవి

తా.క.: ఈ అర్జీ తమకు అందదు. సోమవారం దీన్ని పట్టుకుని బయలుదేరుతుండగా కూల్చే యంత్రంతో కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. మేడ చుట్టూ తిరిగి చూశారు.

"ఏటిరా గణేషూ, దీన్ని ఎవులో ముందే కొట్టీసినారు కదా!" అన్నాడు వాళ్లలో ఒకడు.

"మనకెందుకు బావా, ఫొటో తీసీ. పని అయిపోయినట్టే" అన్నాడు యంత్రం నడిపే గణేష్. మేడలో పడుకుని ఉన్న మా ఆయనతో, "పెద్దాయనా, ఓపాలి కాళ్లు ముడుసుకో, ఫొటోలో పడతన్నావు" అన్నాడు.

మా ఆయన నా వైపు చూశారు. నేను అర్జీ మడిచాను. ఆయన కాళ్లు ముడుచుకున్నారు. వాళ్లు ఫొటో తీసుకుని, యంత్రం తిప్పుకుని వెళ్లిపోయారు.

కాబట్టి తమకు మేము బాకీ ఉన్నది ఒక మేడ. అది ముట్టినట్టు తమ వాళ్లే ఫొటో పట్టుకెళ్లారు. చెల్లు.