ఊపిరి తీసుకునేదాకా

హైదరాబాదు

ప్రియమైన మార్తక్కకు నీ తమ్ముడు దానియేలు వందనాలు. దేవుని దయవల్ల నేను బాగున్నాను. నువ్వు, బావ, పిల్లలు, గొర్రెలతో సహా అందరూ బాగుండాలని ప్రార్థన చేస్తున్నాను. రాచర్లలో వాన పడిందా? ఇక్కడ పడితే చాలు, రోడ్డే వాగవుతుంది. తిండికి బాధ లేదు, సంగటి నేనే కెలుక్కుంటున్నాను. బావ గిద్దలూరు పోయినప్పుడు కందిపొడి పార్సెల్ వేయమను.

ఇక పని సంగతి. "ఏందిరా ఆ బుంయ్ బుంయ్, ఎవురికి వినపడతది?" అంటావే, ఆ బాస్ గిటారుకే జాజ్ ఆల్బమ్‌లో పిలుపొచ్చింది. జాజ్‌లో పాట ఎత్తుకున్నాక పియానో, డ్రమ్స్ తోచినట్టు అల్లుకుంటూ పోతాయి. కింద తాళం జారకుండా పట్టుకునేది నేను. అందరం ఒకే గదిలో ఒకేసారి వాయించాలి. మొదటిరోజు నచ్చితే ఎనిమిది పాటలూ నావి, లేకుంటే ఇంకొకర్ని పిలుస్తారు. ఇన్నేళ్ళూ సినిమా పాటలకు వాయిస్తూ ఎదురుచూసింది దీనికోసమే.

మొదటిది పాడేవాళ్ళు లేని పాట, అందులోనే బోల్తా పడ్డాను. ప్రతి చరణం చివరా ఆగిపోయాను! మన గుడిలో నువ్వు పాట ఎత్తితే, చాపల మీది అవ్వలు ఆఖరి మాట సాగదీసి ఊపిరి తీసుకునేదాకా ఆగుతాం కదా. పదేళ్ళు నీ పక్కన నిలబడి గిటారు వాయించి నేర్చిన చేయి ఊరుకుంటుందా? డ్రమ్స్ ముందుకు పోయాయి, పాట గంగలో కలిసింది.

"ఎవరి కోసం ఆగుతున్నావయ్యా?" అన్నారు పియానో సార్. ఆల్బమ్ ఆయనదే.

"మా ఊరి అవ్వల కోసం సార్. వాళ్ళు ఊపిరి తీసుకోవాల గదా!"

నోట్లోంచి అట్లనే వచ్చేసింది. అందరూ పడీపడీ నవ్వారు. సిగ్గేసింది గానీ భయం వేయలేదు. మళ్ళీ మొదలుపెట్టి, ఎవరి కోసమూ ఆగకుండా వాయించాను. సార్ తలూపారు, బాగుందని మాత్రం అనలేదు.

తర్వాతది నిదానం పాట. పాడేది నీ ఈడు మనిషి. రెండో చరణంలో ఆమెకు గాలి చాలదని నాకు ముందే తెలిసిపోయింది. స్వరాన్ని రవ్వంత పట్టి ఉంచాను. డ్రమ్స్ ఆయన నన్ను చూసి ఆగాడు. ఆమె నిండుగా ఊపిరి పీల్చుకుని పాట అందుకుంది. అయ్యాక, "మిగతావాటికి కూడా ఈ తమ్ముడే కావాలి" అంది. సార్ సరేనన్నారు. ఎనిమిదీ నావేనక్కా!

అత్తమ్మకు, పాస్టరయ్యగారికి నా వందనాలు చెప్పు. నీ ప్రార్థనలో నన్ను మరవొద్దు.

ఆ రికార్డింగులో ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తున్నాను. ఆ నిదానం పాట ఆమె అట్ల పాడుతుంటే నువ్వే పాడినట్టుండి ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే వాయించాను. తాళం మాత్రం తప్పలేదు.

నీ తమ్ముడు,
దానియేలు