పచ్చ నూలు, ఎర్ర మరక

మంగళవారం, రాత్రి

ఇయ్యాల కరీంనగర్ దవాఖానకు ఒక్కదాన్నే పోయొచ్చిన. మా ఆయనకు చెల్లె ఇంటికి పోతున్నా అని చెప్పిన.

ఎర్ర చీరల ఆర్డరు నడిచినన్ని రోజులు ఎర్ర నూలు కండెలే చుట్టిన. రైకకు ఎడమ దిక్కు మరక కనవడితే నూలు రంగు అంటిందనుకొని ఉతికి ఆరేసిన. తర్వాత మా మరమగ్గాల సాంచల మీదికి పచ్చ నూలొచ్చింది. మరక మాత్రం మళ్ళ ఎర్రగనే పడ్డది. అప్పుడు సమజైంది, గది నూలు రంగు కాదని.

డాక్టరమ్మ నొక్కి చూసి, చనుమొన మీద ఒక్క రంధ్రం నుంచే నెత్తురొస్తుందన్నది. స్కానింగ్ల పాలనాళం లోపల చిన్న కండ పెరిగినట్టు కనవడ్డది.

"పాపిలోమా కావచ్చమ్మా. శానమందికి గిది క్యాన్సర్ కాదు. అయినా పక్కా తెలుసుకోవాలె."

నొప్పి లేదు గద మేడమ్ అన్న. నొప్పి లేకున్నా ఊకోవద్దన్నది. సూదితోని ముక్క తీసి పరీక్షకు పంపింది. అండ్ల ఏం లేదని వచ్చినా, కండ మొత్తం తీసి చూడాల్సి రావచ్చట. అప్పటిసంది గా 'కావచ్చు' అన్న మాటే చెవులల్ల తిరుగుతుంది.

పొద్దూకినంక రైక బకెట్ల నానేస్తుంటే, మా ఆయన సాంచలు బంద్ చేసి వచ్చిండు.

"గదేం మరకనే?"

"నూలు రంగు."

చేతులు కడుక్కుందామని వంగిండు. ఆయన వేళ్ళు పచ్చగున్నయి. ఒకసారి వేళ్ళు చూసుకున్నడు, ఒకసారి బకెట్ల ఎర్ర నీళ్ళు చూసిండు. బువ్వ సరిగ తినలే.

గిప్పటికీ పండలే. మంచంల కూసోని నా దిక్కే చూస్తుండు. పెన్ను కింద పెడితే ఇగ చెప్పాలె. అందుకే ఇంకా రాస్తున్న...