మంట కనపడని పొయ్యి

ఆదివారం, సాయంత్రం
పెరటి మెట్ల మీద కూర్చుని

చిరంజీవి సౌభాగ్యవతి మా ఇంటి కోడలికి,

మీ మామయ్య మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమం. ఈ ముక్క ఇన్నాళ్లూ అలవాటు కొద్దీ రాసేవాణ్ణి, జనం ఎక్కారో లేదో చూడకుండా రైట్ రైట్ అన్నట్టు. ఈసారి చూసుకునే రాస్తున్నాను తల్లీ. క్షేమం. ఇంకోసారి రాసుకోవాలనిపిస్తోంది, ఏమనుకోకు. అందరం క్షేమం.

అక్షరాలు వంకర పోతున్నాయని కంగారు పడకు. ఒంట్లో నిక్షేపంగా ఉంది. సంతోషం ఎక్కువై పరుగున రాస్తున్నాను, అంతే. ఫోన్ చేద్దామంటే మీ ఆయన పక్కనే తిరుగుతున్నాడు. అవునమ్మా, పక్కనే, పెరట్లో, ఇంకా వెలుతురుండగానే. పైగా ఫోన్‌లో అయితే నేను మధ్యలోనే ఏడ్చేస్తాను, నువ్వు ఇంకేదో అనుకుని హడలిపోతావు. నా చదువు సంగతి నీకు తెలిసిందే, తప్పులుంటే సర్దుకుని చదువుకో. మొదటి నుంచీ వరసగా చెప్తాను. మధ్యలో దిగిపోవద్దు.

నువ్వు పంపిన పొగపొయ్యి చేరింది. "స్మోకర్ అనాలి మామయ్యా" అని నువ్వు చెప్పావు గానీ నా నోటికి పొగపొయ్యే తిరిగింది. షాపు మనిషి వచ్చి పెరట్లో బిగించి వెళ్లాడు. చూడ్డానికి పీపాని పడుకోబెట్టి కాళ్లు తగిలించినట్టుంది. ఒక పక్క గొట్టం, ఇంకో పక్క గుళికలు పోసే పెట్టె. ఆ గుళికల బస్తా విప్పగానే మీ అత్తయ్య పిడికెడు తీసి వాసన చూసి, "ఇది కోడికి పెట్టే మేతా, కోడిని వండే మేతా?" అంది. చెక్కపొట్టుని నొక్కి చేసిన గుళికలని షాపు మనిషి చెప్పాడు. పెట్టె అడుగున ఒక మర తిరుగుతూ వాటిని కొంచెం కొంచెంగా లోపలి చిన్న గిన్నెలోకి తోస్తుందట. మంట ఆ గిన్నెలోనే, అడుగున ఎక్కడో. పైకి కనపడేది పొగా, బోర్డు మీద వేడి చూపించే అంకే. నువ్వు ఏరి కోరి దీన్నే ఎందుకు కొన్నావో అప్పుడర్థమైంది. నీ తెలివికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

మీ ఆయన ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో నూనె అంటుకున్న రోజు నుంచీ మన ఇంట్లో పొయ్యి వెలిగించడమంటే దొంగతనానికి వెళ్లినట్టే అయింది కదా. మీ అత్తయ్య వంటింటి తలుపు మూసుకుని, లైటర్ చప్పుడు వాడి చెవిన పడకుండా రేడియో పెట్టి మరీ వెలిగించేది. షిఫ్టుల జనానికంతా వండి వడ్డించిన హెడ్ కుక్కు, మేడ మీద గదిలో గోడకేసి తిరిగి పడుకునేవాడు. నువ్వేమో ఊరు కాని ఊళ్లో కుట్టుమిషన్ల మధ్య నిలబడాల్సి వచ్చింది. "మామయ్యా, ఇది మీకోసమే కొన్నానని చెప్పండి. ఆయన కోసమని తెలిస్తే తలుపుకి ఇంకో గడియ బిగించుకుంటారు" అన్నావు. అలాగే చెప్పాను. వాడు దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

సరే, ఈ వయసులో నేను వంటవాణ్ణయ్యాను. మొదట కోడిని పెట్టాను. లోపల ఏం జరుగుతోందో చూడకపోతే నాకు తోచదు. మాటిమాటికీ మూత ఎత్తడం, ఎత్తినప్పుడల్లా వేడంతా పోవడం, మళ్లీ మొదటికి రావడం. చివరికి బయటికి తీస్తే అచ్చం నా పాత కండక్టరు సంచి. అదే రంగు, అదే తోలు. మీ అత్తయ్య ఒక ముక్క కొరికి చూసి, "కోడి ఎలాగూ పోయింది, దాని పరువు కూడా తియ్యాలా?" అంది. నేను పట్టు వదల్లేదు. రోజూ ఏదో ఒకటి పెట్టడం, తగలెయ్యడం. మూత ఎత్తినప్పుడల్లా మేడ మీద కిటికీ పరదా కొంచెం కదిలేది. నేను తల ఎత్తితే ఆగిపోయేది. వంట చేతకానివాణ్ణి చూస్తుంటే వంట వచ్చినవాడికి ఎంత ఒళ్లు మండుతుందో, ఆ పరదాని చూస్తే తెలిసేది.

ఇక గురువారం సంగతి. చేపలు పెట్టాను. అవి కాస్త మనుషులు తినేలాగే వచ్చాయి. ఆ సంబరంలో ప్లగ్గు పీకేసి, వీధి గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఫ్యాను ఆపినట్టే దీన్నీ ఆపొచ్చనుకున్నాను. కాసేపటికి పెరట్లోంచి ఘాటు వాసన. వెళ్లి చూస్తే పొగ గొట్టంలోంచి కాదు, గుళికల పెట్టెలోంచి వస్తోంది. పసుపుపచ్చని, దట్టమైన పొగ.

నేను చెంబెడు నీళ్లతో పరిగెత్తాను. అంతలో మెట్ల మీద ధనధన చప్పుడు. మీ ఆయన. కాళ్లకి చెప్పుల్లేవు, మొహమంతా గడ్డం. వచ్చీ రాగానే నా చేతిలో చెంబు లాగి అవతల పెట్టాడు. "నీళ్లు పొయ్యకు నాన్నా, ఆ గుళికలు ఉబ్బి సిమెంటులా బిగుసుకుపోతాయి" అన్నాడు. అన్నాళ్ల తర్వాత వాడి నోట్లోంచి వచ్చిన అంత పొడుగు మాట అదే. పెట్టె మూత ఎత్తాడు. ఎత్తగానే నాలుకంత మంట పైకి లేచింది.

తల్లీ, ఆ క్షణం వాడి మొహం తెల్లబోయింది. వాడి చెయ్యి మాత్రం ఆగలేదు. కుండీల్లో మట్టి తీసే చిన్న పార అందుకుని, పైనున్న గుళికలు తోడి ఇనప తొట్టిలో పోశాడు, అడుగున రగులుతున్నవి తోడి పోశాడు. తొట్టి మీద ఇసక కప్పాడు. మళ్లీ ప్లగ్గు పెట్టి మర తిప్పి, మిగిలిన నిప్పునంతా గిన్నెలోకి తోయించాడు. అన్నీ ఒకదాని వెనక ఒకటి, క్యాంటీన్‌లో వడ్డనకి ముందు హడావిడి పడే వాడిలా.

అంతా సద్దుమణిగాక నా వైపు తిరిగి, "ప్లగ్గు ఎవరు పీకారు?" అన్నాడు. నేనే అన్నాను. ఇక చూసుకో. "బుద్ధుండాలి నాన్నా. బటన్‌తో ఆపాలని షాపు మనిషి చెప్తే నాకు కిటికీలోకే వినపడింది. ఆపాక కూడా ఫ్యాన్ తిరుగుతూ గిన్నెలో మిగిలిందంతా కాలి బూడిదయ్యేదాకా ఉండాలి. మధ్యలో పీకితే మంట గుళికల వెంట వెనక్కి పాకి పెట్టెలోకి వస్తుంది. నీ చేతికి బస్సు ఇవ్వకపోవడం ప్రభుత్వం చేసిన మంచి పని" అన్నాడు. కన్నకొడుకు చేత చీవాట్లు తిని అంతగా పొంగిపోయిన తండ్రి ఇంకెక్కడైనా ఉంటాడా చెప్పు. ఇంకా తిట్టరా నాన్నా అని అడుగుదామనుకుని, బాగుండదని ఊరుకున్నాను.

ఆ రాత్రి అన్నం మాతోపాటే తిన్నాడు. శుక్రవారం పొయ్యంతా విప్పి బూడిద తుడిచాడు. శనివారం గడ్డం గీసుకుని, బజారుకెళ్లి గొర్రె భుజం మాంసం తెచ్చాడు, దానికి ఉప్పూ మిరియాలూ వెల్లుల్లీ పట్టించి పెట్టాడు. నన్ను మాత్రం మూత మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఇవాళ తెల్లారకముందే దాన్ని పొయ్యిలో పెట్టి, లోపలి వేడి చూపించే సూది గుచ్చాడు. ఇద్దరం పెరటి మెట్ల మీద కూర్చున్నాం. అంకె చక్కగా ఎక్కుతూ వచ్చింది, వచ్చి ఒకచోట ఆగిపోయింది. రైల్వే గేటు దగ్గర బస్సులాగా. నేను టీ తాగాను, పేపర్ చదివాను, మొక్కలకి నీళ్లు పోశాను, అంకె అక్కడే ఉంది. ఇక ఉండబట్టలేక, చెడిపోయిందేమోరా, కాస్త మంట పెంచరాదా అన్నాను.

"చెడిపోలేదు నాన్నా. లోపల పని జరుగుతూనే ఉంది. తడి పైకొచ్చి ఆరుతున్నంతసేపూ అంకె కదలదు. ఇప్పుడు తొందరపడి మంట పెంచితే రాయి అయిపోతుంది. ఊరికే పక్కన కూర్చో, అదే కదులుతుంది" అన్నాడు.

నేను వాడి మొహం వంక చూసి, గబుక్కున మొక్కల వంక చూడ్డం మొదలుపెట్టాను.

అలా కూర్చుని ఉండగానే వాడంతట వాడే ఆ రోజు సంగతి ఎత్తాడు. నీకు కూడా చెప్పలేదట. నీకు నన్నే చెప్పమన్నాడు, నీ కళ్లలోకి చూసి చెప్పే ధైర్యం ఇంకా రాలేదట. నూనె అంటుకున్నప్పుడు పెద్ద మూత వాడి చేతిలోనే ఉందమ్మా. మూసేస్తే అయిపోయేది. చేతులు బిగుసుకుపోయాయట. మూత పట్టుకుని చూస్తూ నిలబడిపోయాడట. వాడి జోడీ వంటవాడు, మనం గుమ్మటం అని పిలుస్తామే, ఆ అబ్బాయి వీడి చేతిలో మూత లాక్కుని మూకుడు మీద వేశాడు. మోచేతి దాకా కాల్చుకున్నాడు. "నాకు మంటంటే భయం కాదు నాన్నా. నా చేతులంటే భయం. మళ్లీ ఎవరి పక్కనైనా నిలబడితే ఇవి మళ్లీ ఆగిపోతాయేమో అని" అన్నాడు.

మనమేమో మంటని దాచుకుంటూ వచ్చాం. వాడు చేతుల్ని దాచుకుంటూ వచ్చాడు.

నేను పెద్ద మాటలేవీ చెప్పలేదు, నాకు రావు కూడా. ఆ రెండు చేతులూ తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. గురువారం ఆగలేదు కదరా అన్నాను. వాడు ఆ చేతుల వంకే చూసుకున్నాడు. తర్వాత లేచి, ఫోన్ తీసి గుమ్మటానికి చేశాడు. భోజనానికి రమ్మన్నాడు.

గుమ్మటం వచ్చాడు. పేరుకి తగ్గట్టే ముందు పొట్ట వచ్చింది, వెనకాల మనిషి వచ్చాడు. ఆ చెయ్యి మానింది గానీ చర్మం ముడుచుకుపోయి మెరుస్తోంది. మావాడు ఆ చేతిని చూసి నేలచూపులు చూస్తుంటే, గుమ్మటమే పళ్లెం చాపాడు. మాంసం గరిట తగలగానే ఎముక వదిలేసింది. నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, బాగా నమిలి, "పొగ బాగా పట్టింది గురూ. ఉప్పు మాత్రం తగ్గింది. ఖాళీగా కూర్చుంటే ఇంతే" అన్నాడు. మావాడు నవ్వాడు. పళ్లు కనపడేలా నవ్వాడమ్మా. మీ అత్తయ్య మంచినీళ్ల వంకతో లోపలికి వెళ్లి, చాలాసేపు రాలేదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నాను. భోజనాలయ్యాక గుమ్మటం టీ అడిగాడు. మీ అత్తయ్య లేవబోతుంటే మావాడు, "కూర్చో అమ్మా" అని తనే వంటింట్లోకి నడిచాడు. ఆవిడ అలవాటుగా రేడియో వైపు చెయ్యి చాపింది. "రేడియో ఎందుకమ్మా, ఇన్నాళ్లూ వినపడలేదనుకున్నావా?" అన్నాడు లోపలి నుంచి. మేం ముగ్గురం బొమ్మల్లా కూర్చున్నాం. లైటర్ ఒకసారి కొట్టాడు. వెలగలేదు. మళ్లీ కొట్టాడు. భుస్సుమని అంటుకుంది. తలుపు బార్లా తెరిచే ఉంది తల్లీ. నీలం రంగు మంట, దాని ముందు నా కొడుకు, గిన్నెలో గరిట తిప్పుతూ.

ఆ టీలో పంచదార వెయ్యడం మర్చిపోయాడు. ఒక్కరం కూడా చెప్పలేదు. అందరం తాగేశాం.

రేపు గుమ్మటంతో కలిసి క్యాంటీన్ దాకా వెళ్లొస్తానన్నాడు. పనిలోకి కాదు, ఊరికే లోపల కాసేపు నిలబడి చూసొస్తాడట. అంతవరకే అన్నాడు, అంతవరకు చాలు. వచ్చే ఆదివారం నీకు సెలవు దొరుకుతుందేమో కనుక్కోమని నన్నడిగాడు. తనే అడగొచ్చుగా అంటే సిగ్గుపడ్డాడు, పెళ్లిచూపులప్పటి లాగా. కాబట్టి దీన్ని ఉత్తరం అనుకోకు, టికెట్టు అనుకో. ఎక్కి వచ్చెయ్. కిటికీ పక్క సీటు చూసుకుని, డబ్బాలో ఇంత తిండి పెట్టుకుని, జాగ్రత్తగా రా. నువ్వు రోజూ అడిగేదానివి కదా, ఆయన కిందికి దిగారా మామయ్యా అని. దిగాడమ్మా. దిగాడు.

ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నామని చెబుతూ,

నీ మేలు కోరే
మామయ్య

తా.క.: ఈ విడి కాగితం చదివి చింపెయ్యి. పై ఉత్తరంలో ఒక అబద్ధం ఉంది, వాడు చూస్తాడేమోనని అలా రాశాను. గురువారం ప్లగ్గు పీకింది నేను కాదు. నేను వీధి గుమ్మంలో ఉన్నమాట నిజం. పీకింది మీ అత్తయ్య. పొరపాటున కూడా కాదు. పీకితే ఏమవుతుందో షాపు మనిషి చెప్తుంటే నేను ఊరికే తలూపాను గానీ, ఆవిడ తలుపు వెనక నిలబడి ప్రతి ముక్కా విందట. మూత సంగతి కూడా ఆవిడకి ముందే తెలుసు. ఆసుపత్రిలో కట్లు కట్టించుకుంటూ గుమ్మటం చెప్పాడట, వాణ్ణి ఏమీ అనొద్దని ఒట్టు వేయించుకుని. రెండు బకెట్లు నింపి దగ్గర పెట్టుకుని, కొంగు దోపుకుని, అప్పుడు పీకిందట. ఎవరు పీకారని వాడు అడిగినప్పుడు ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు, నేనే అనేశాను. ఇందాక ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన చేరి అడిగాను, ఒకవేళ వాడు కిందికి రాకపోయుంటే ఏం చేసేదానివే అని. తల కూడా ఎత్తలేదు. "మర్నాడు మళ్లీ పీకేదాన్ని" అంది.