నూర్పిళ్లకు ఎవరూ రాని ఇల్లు

కాన్సాస్, జూలై 1927

నా చిట్టితల్లి వ్లాస్తాకు, పట్నంలో మీ అక్క ఇంట్లో కూర్చుని దిగులు పడుతున్న అమ్మ రాసేది:

నూర్పిళ్లకు వంట సాయానికి రమ్మని ఈ ఏడు కబురు రాలేదు. నీ ఒంట్లో బాగాలేదేమోనని భయపడ్డాను. ఇంతలో గుడ్లు కొనే మాతేయ్ వచ్చి చెప్పిన మాటకు నా చేతిలోంచి కాఫీ గిన్నె జారిపోయింది. మీ గోధుమ చేలో కోసి కట్టిన పన ఒక్కటి కూడా కుప్ప వేసి లేదట. కొట్టం వెనక గడ్డివాము లేదట. చుట్టుపక్కల రైతుల బళ్లన్నీ మీ గేటు దాటి తిన్నగా పోతున్నాయట.

ఊరి రైతులంతా జట్టుగా కదిలి ఒకరి పంట ఒకరు నూర్చిపెట్టుకోవడం మనం పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ ఉన్నదే. ఏ ఇంటికి జట్టు రాదో ఆ ఇంటిని వెలేసినట్టే. అల్లుడు యారోమిర్ ఎవరినైనా ఏమైనా అన్నాడా? దాచకుండా రాయి.

నిద్ర పట్టని మీ అమ్మ, లుద్మిలా

తా.క.: అన్నాడనే అనుకుని చర్చిలో అతని తరఫున క్షమాపణ అడిగేశాను. దేవుణ్ణే అడిగాను, ఇంకెవరికీ చెప్పలేదు. మీ పిన్నికి తప్ప. ఆమె పక్కన కూర్చున్నవాళ్లకి తప్ప.

---

అమ్మకు, క్షేమంగా ఉన్న కూతురు రాయడం:

ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. యారోమిర్ కొత్త యంత్రం తెచ్చాడు. అది చేలో నడుస్తూనే కోస్తుంది, నడుస్తూనే నూరుస్తుంది. గింజలు పెట్టెలో పోసుకుని గడ్డిని వెనక చల్లుకుంటూ పోతుంది. పనలు లేవు, కుప్పలు లేవు, జట్టుతో పని లేదు. ముగ్గురు మనుషులతో అయిపోయింది. పెళ్లయ్యాక మొదటిసారి కోతల్లో మధ్యాహ్నం పూట పడుకున్నానమ్మా. నువ్వేం రానక్కర్లేదు.

ప్రేమతో, వ్లాస్తా

తా.క.: ఇరుగుపొరుగు ఎవరూ రావడం లేదన్నది నిజమే. ఎవరి హడావిడిలో వాళ్లున్నారు.

---

అబద్ధమాడడం చేతకాని నా కూతురికి:

నేను కొడవలి నాటి మనిషిని. గుర్రాలు లాగే కోత యంత్రం వచ్చిన రోజున మీ నాన్న టోపీ తీసి నిలబడ్డారు. పనలకు తానే దారం చుట్టి ముడి వేసే యంత్రం వచ్చినప్పుడు, వంగి దాని కింద వేళ్లున్నాయేమోనని వెతికాను. ఆవిరి నూర్పిడి యంత్రం కూతకు మన కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. అన్నీ నమ్మాను. కానీ కోయగానే నూర్చడమా? పనలు కుప్పలో ఆరవద్దూ? రొట్టె పిండి కలుపుతూనే నమిలినట్టుంది నీ మాట.

వెలి పడ్డ ఇల్లు ఇలాంటి కథలే చెబుతుంది. కోతల్లో మధ్యాహ్నం పడుకున్నావని చదివి ఏడ్చాను. ఆరోగ్యంగా ఉన్న ఆడది ఎవరైనా అలా చేస్తుందా?

ఇక ఊరుకోలేక జట్టు పెద్ద హవ్రానెక్‌కు నేనే రాశాను. మా పిల్లల తప్పు కాయమని, గురువారం జట్టునంతా తీసుకుని మీ ఇంటికి వెళ్లమని బతిమాలాను.

మీ పరువు కోసం అల్లాడుతున్న అమ్మ

తా.క.: భోజనాలు ఉంటాయని కూడా రాశాను. లేకపోతే రారు కదా.

---

అమ్మా,

ఎంత పని చేశావు! చేను ఖాళీ. నూర్చడానికి ఒక్క పన లేదు. ఈ మాట విని యారోమిర్ కోళ్లను లెక్కపెట్టడానికి వెళ్లాడు. పిలిచిన జట్టును మేం వద్దంటే అవమానించినట్టుంటుంది, వెంటనే నువ్వే హవ్రానెక్‌ను రావద్దని రాయి.

కంగారులో, వ్లాస్తా

తా.క.: ఇంట్లో నాలుగు బంగాళాదుంపలు, సగం రొట్టె ఉన్నాయి.

---

వ్లాస్తా తల్లీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఇవాళే గురువారం. దాంతోపాటు హవ్రానెక్ జవాబూ వచ్చింది. "వస్తున్నాం" అని ఒక్క ముక్కే రాశాడు. తలుపు మాత్రం వేసుకోకు, అది ఇంకా అవమానం.

అపరాధి, అమ్మ

తా.క.: మూడు గంపల కొలాచీ తీపి రొట్టెలు రైలుకు వేశాను. శుక్రవారానికి చేరతాయి.

---

అమ్మకు, నిలబడి రాస్తున్న వ్లాస్తా:

వచ్చారు. బళ్లు, పారలు, పంగల కర్రలు, పెళ్లాలతో సహా వచ్చారు. ఖాళీ చేను చూసి కొయ్యబారిపోయారు. పచ్చిగా ఉందని గట్టు పక్కన కోయకుండా వదిలేసిన గోధుమ చేను ముక్క ఒకటి మిగిలి ఉంటే యారోమిర్ యంత్రాన్ని అందులో నడిపి చూపించాడు. హవ్రానెక్ గింజలు నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

కనబడిన కోళ్లన్నీ కోశాను. మిగతాది ఆడవాళ్లు వాళ్ల బళ్లలోంచి తీశారు. తినేటప్పుడు హవ్రానెక్ అన్నాడు: "చెప్పాపెట్టకుండా జట్టు మానేశావురా యారోమిర్. నీకు మేం అక్కర్లేదనుకున్నాం. చర్చిలో నీ మొహం చూడబుద్ధి కాలేదు. మీ అత్త తప్పు కాయమని రాసింది కాబట్టి వచ్చాం."

నువ్వన్నదే నిజమమ్మా. మమ్మల్ని నిజంగానే వెలేశారు. మాకే తెలియలేదు.

యారోమిర్ చేతిలో రొట్టె పళ్లెంలో పెట్టేశాడు. "ఇంతమందిని ఎండలో కష్టపెట్టడం ఎందుకనుకున్నాను బాబాయ్."

"కష్టం ఎవడిక్కావాలి? భోజనం మాటేంటి?"

దాని మీద పెద్ద చర్చే జరిగింది. వచ్చే ఏడు యంత్రం అందరి చేలకూ తిరుగుతుంది. ముగ్గురే పని చేస్తారు. కానీ ప్రతి ఇంట్లో జట్టంతా భోంచేయాల్సిందే. మా ఇంట్లో నూర్పిళ్లకు ఏటా పట్టే మూడు రోజుల భోజనాలూ ఈ ఏడు ఎగ్గొట్టాం కనుక, రేపటి నుంచి వస్తారట. పొలంలో పని లేదు కాబట్టి తెల్లారగానే వచ్చి కూర్చుంటారట.

ఈ ఉత్తరం అందిన క్షణమే బయలుదేరు.

నీ కూతురు

తా.క.: పని చేయకుండా కూర్చుంటే ఆకలి తక్కువుంటుందనుకున్నాను. ఇవాళ చూశాను. తక్కువుండదు.