లావు పిడి కత్తి

వదినగారికి,

అందరం బాగున్నామని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు.

మీ తమ్ముడి కత్తుల పిచ్చి మీకు తెలిసిందే. పెళ్లయిన కొత్తలో ఆయన కొనేవన్నీ సన్నటివే. వేలి మందం కూడా లేని పిడి, ఆకులా పల్చటి కత్తి. వాచీలు బాగుచేసే మనిషి కదా, ఎంత సున్నితమో అని మురిసిపోయేదాన్ని. తర్వాత్తర్వాత చెక్క పిడులవి, బరువైనవి తేవడం మొదలుపెట్టారు. "మీతో పాటు మీ కత్తులూ ఒళ్లు చేస్తున్నాయి," అని నేను ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవారు.

నిన్న కొన్నదాని పిడి నా మణికట్టంత ఉంది. పొద్దున ఆయన దానితో పుచ్చకాయ కోస్తుంటే చేతిలోంచి జారి పాదం పక్కనే పడింది.

"ఇంత మొద్దు కత్తి ఎందుకు? ఆ సన్నవాటికేం రోగం?" అని అరిచాను.

"సన్న పిడి పట్టు చిక్కట్లేదే. రెండేళ్ల నుంచీ ఇంతే," అన్నారు, నేల చూపులు చూస్తూ.

రెండేళ్లు! పక్కనే ఉండే నాకు తెలియలేదు వదినా. షాపులో ఆడవాళ్ల చిన్న వాచీలన్నీ పార్టులు దొరకవని తిప్పి పంపేస్తున్నారట. డాక్టరుకి చూపిద్దామంటే, "అక్కకి మాత్రం చెప్పకు," అంటారు. మీరొచ్చి రెక్క పట్టుకుని లాక్కెళ్తే తప్ప కదలరు. వెంటనే బయల్దేరండి.

పొద్దున ఆయన మాట నమ్మబుద్ధి కాక, నా చెయ్యి ఆయన చేతిలో పెట్టి, "గట్టిగా పట్టుకోండి చూద్దాం," అన్నాను. కాసేపు చూసి, "ఊఁ, పట్టుకోండి," అన్నాను మళ్లీ.

"పట్టుకునే ఉన్నానుగా," అన్నారు.

మీ మరదలు