క్రిస్మస్ చీర నేనే తెస్తాను

నారాయణఖేడ్

అమ్మకు నిస్సీ వందనాలు. ఫోన్‌లో చెబితే ఏడుపొస్తుందని కార్డు రాస్తున్నాను.

ఇన్నేళ్లూ మా షాపులో పెళ్లి చీరలు నా మాటతీరుకే అమ్ముడుపోతున్నాయనుకున్నాను. కొత్తగా గల్లా మీద కూర్చున్న చిన్న సేఠ్, "పెండ్లి బట్టలకొచ్చేటోళ్ల ముందట గీ బోసి నొసలేంది? బొట్టన్న పెట్టు, లేకుంటే గోదాంల మూటలన్న మొయ్యి" అన్నాడు. నడుము పట్టేసేదాకా మోశాను. చివరికి బొట్టుబిళ్ల అంటించుకుని వెళ్తే, నవ్వుతూ మళ్లీ కౌంటర్‌లో నిలబెట్టాడు.

నాయిన దగ్గు తగ్గిందా? కంది పూత నిలిచిందా? క్రిస్మస్ చీరకని నువ్వు షాపుకు రావద్దు, నేనే తెస్తాను.

చర్చికి బిళ్ల తీసేసే వెళ్తున్నాను కానీ, జిగురు పడక నొసట మచ్చ తేలింది. పాస్టరమ్మ అడిగితే దోమ కుట్టిందన్నాను. ప్రార్థనలో నన్ను మరవకు. పండగకు నేను వచ్చినప్పుడు నాయిన అడిగితే, నువ్వూ దోమే అని చెప్పు.