జతగాడి సంతకం

ప్రియమైన బుజ్జీ,

నీ మొగుడు ఇంకా ఆకాశంలోనే కాపురం ఉంటున్నాడు. క్రేన్ గదిలోకి నిచ్చెన ఎక్కాలంటే పావుగంట పడుతుంది, అందుకే మధ్యాహ్నం తిండికి దిగడం కూడా మానేశాను. కింద నిలబడి సైగలు చేసేది మీ అన్నయ్యే కాబట్టి ఇన్నాళ్ళూ నిశ్చింతగా ఉన్నాను.

ఇప్పుడు దిగులు ఆయన గురించే. మొన్న ఇనప కడ్డీల కట్ట గాల్లో వేలాడుతుంటే, చెయ్యి ఊపకుండా నేలచూపులు చూస్తూ నిలబడిపోయాడు. ఏమైంది బావా అంటే "నిద్ర లేదు, అంతే" అన్నాడు.

ఇక్కడ కొత్త పద్ధతి పెట్టారు. రోజూ పనిలోకి దిగేముందు జతగాడి కాగితం మనం నింపాలి. మనసు బాగుందా, బాగాలేదా, కింద సంతకం. ఆయనది నేను, నాది ఆయన. పద్ధతి మంచిదే. కానీ "బాగాలేదు" అనిపించుకున్న వడ్రంగిని పోయిన నెల గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చేపోయేవాళ్ళంతా "ఏరా పిచ్చోడా" అని పలకరిస్తున్నారు. బావ నా చెయ్యి పట్టుకుని "నా పరువు తియ్యకు బావా" అన్నాడు. ఏం చెయ్యమంటావు?

నీ పైవాడు (దేవుడు కాదులే)

*

మా ఆయనకి,

మీ ఉత్తరం చదివాక నాకూ అన్నయ్య గురించి దిగులు పట్టుకుంది. అయినా ఆ మాట రాయకండి. పదిమందిలో తల దించుకోవాల్సి వస్తే అన్నయ్య తట్టుకోలేడు. నాన్న పోయినరోజు కూడా కంట తడి పెట్టని మనిషి. కొన్నాళ్ళకి అదే సర్దుకుంటుంది. మీరు కనిపెట్టుకుని ఉండండి చాలు. "బాగుంది" అనే రాయండి, నా మీద ఒట్టు.

పాపకి ముందుపళ్ళు ఊడాయి. నవ్వితే అచ్చం మీ అమ్మే.

మీ బుజ్జి

*

బుజ్జీ,

బావ అంత్యక్రియలకి వచ్చినప్పుడు నీ మొహం చూసి చెప్పలేకపోయాను. బావ కాలు జారి పడలేదు. ఆఫీసువాళ్ళు అలా చెప్పమన్నారు, చెప్పాను. కావాలనే వెళ్ళిపోయాడు.

ఆఫీసులో కాగితాలు బల్లమీద పరిచారు. పంతొమ్మిది రోజులు, అన్నిటిమీదా "బాగుంది", అన్నిటికిందా నా సంతకం. "మీరే రాశారుగా, మాకేం తెలుస్తుంది?" అన్నాడు ఆఫీసరు. అక్షరం నాదే.

మర్నాడే క్రేన్ ఎక్కాను. కొత్త జతగాడు నా మొహం కూడా చూడకుండా నా కాగితం నింపేస్తాడు. అదే హాయిగా ఉంది. నేను బాగానే ఉన్నాను, నా గురించి బెంగ పెట్టుకోకు. పాపని బాగా చదివించు.

నీ
ఆయన

*

ఏమండీ,

మీ దగ్గర ఒకటి దాచాను. మీ మొదటి ఉత్తరం వచ్చిన వారానికే అన్నయ్య దగ్గర్నుంచీ ఒక ఉత్తరం వచ్చింది. తన గురించి కాదు, మీ గురించి. "బావ తిండికి దిగడం లేదమ్మా. పైన ఒక్కడే ఏడుస్తుంటే వాకీటాకీలో వినబడుతోంది. నాకు నిద్ర పట్టడం లేదు. బాగాలేదని రాసెయ్యనా?" అని అడిగాడు.

వద్దన్నాను. మీ పరువు పోతుందన్నాను. అన్నయ్యకీ నా మీదే ఒట్టు పెట్టాను. ఇద్దరి నోళ్ళూ నేనే నొక్కేశాను, ఒకణ్ణి మింగేశాను.

మీరు ఫోను ఎత్తడం లేదు. ఆఫీసుకి చేస్తే "రికార్డులో ఆయన బాగానే ఉన్నాడమ్మా" అంటున్నారు. ఈ కాగితం పొద్దున బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. పాపని అత్తయ్యకి అప్పగించి తర్వాతి బస్సుకి నేనూ వస్తున్నాను.

పరువు గంగలో కలవనీ. పిచ్చోడంటే అననీ, గేటు దగ్గర మీ పక్కన నేనూ కూర్చుంటాను. నేను వచ్చేదాకా నేలమీదే ఉండండి. ఇంకేమీ అడగను.

మీ బుజ్జి